ఇంకో చరణం

కువోపియో దాటాక, సరస్సు ఒడ్డున చెక్క నాట్యశాల.
యాభై రెండు వేసవులు ఆ వేదిక మీదే కూర్చుని
అకార్డియన్ తిత్తి సాగదీశాను, మూశాను.
మా జూన్‌లో రాత్రి పదింటికీ పొద్దు గుంకదు.
ఏదీ చీకట్లో జరగలేదు.
అది ముందే చెప్పాలి.

అప్పట్లో ఆడవాళ్లు ఈ గోడకి, మగవాళ్లు ఆ గోడకి.
అతను వచ్చి తల వంచితే ఆమె లేవాలి.
కాదంటే ఆ పాటంతా కూర్చోవాలి,
ఇంకెవరితోనూ ఆడకూడదు.
ఎవరూ రాసిపెట్టలేదు.
ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలిసినట్టు
తెలుసు, అంతే.

హిల్క్కా, రంపం మిల్లులో లెక్కలు రాసే అమ్మాయి,
ఉర్హోతో టాంగో ఆడుతోంది.
ఆడుతోంది అన్నానా?
నడుం మీది అతని చేతిని పైకి జరుపుతోంది,
అది కిందికి దిగుతోంది.
పైకి. కిందికి.
తాళం తప్పకుండా.

పాట చివరికొచ్చింది.
ఉర్హో నాకేసి కన్ను గీటాడు.
నేనూ నవ్వి
ఇంకో చరణం వాయించాను.

నేను చేసింది అంతే.
ఎవర్నీ తాకలేదు, నా రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి.
ఆమె మరుసటి వారం రాలేదు. ఆపై వారమూ.
"పొగరు" అన్నాం.
ఆ ఒక్క మాటతో సరిపోయింది మాకు.

మొన్న శనివారం టికెట్ల కిటికీ పక్కన కాగితం అంటించారు:
వద్దంటే వద్దనే. కారణం చెప్పక్కర్లేదు.
డ్రమ్స్ వాయించే ముసలాడితో ఎకసెక్కాలాడాను:
ఇక నాట్యానికి దరఖాస్తు పెట్టుకోవాలి కాబోలు, మూడు కాపీలు!
వాడు చిగుళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

కాసేపటికి, ఆకుపచ్చ బూట్ల పిల్ల ఒకతె,
పిహ్లా అని పిలుస్తున్నారు,
సగం పాటలో ఆగిపోయింది. ఏదో అంది.
కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.
"సరే" అన్నాడు.
వెళ్లి సాసేజ్ కొనుక్కున్నాడు, ఆవముద్ద దండిగా వేయించుకుని.
ఆ పిల్ల అదే పాటకి మరొకరితో లేచింది.
అదే పాటకి!
పైకప్పు కూలలేదు.
నీళ్ల మీద బాతులు తలైనా తిప్పలేదు.

ఇంత తేలికా?
ఇన్నేళ్లు మేం మోసిన మర్యాదంతా
ఒక సాసేజ్ ఖరీదేనా?

ఆ కాలం వేరు, అంటారు. నేనూ అంటుంటాను.
కానీ హిల్క్కా చెయ్యి ఆ కాలంలోదే.
ఆ కాలంలోనే
అది పైకి జరుపుతూ ఉంది.

చివర్లో "ఇంకోటి, ఇంకోటి" అని అరిచారు.
తిత్తి మూసి తోలుపట్టీ బిగించాను.
లోపల కాస్త గాలి మిగిలినట్టుంది,
ఏ మీటా నొక్కకుండానే
సన్నగా మూలిగింది.