రెండో ఆదివారం

పొద్దున అయిదుకే లేచి బానెట్ తుడిచినాను.
చీకట్లో కూడా మెరుపు చేతికి తెలిసిపోతుంది.
కాంటెస్సా. బూడిదరంగు. ఎనభైతొమ్మిదో మోడలు.
రెండుసార్లు దగ్గి, మూడోసారికి లేచింది.
వీధి కుక్కలు దారిచ్చినాయి
పాత అలవాటు కొద్దీ.

చిత్తూరు బెల్లం మండీ వెనక జాగా,
లారీలు లేని పూట చూసి
నెలకొకసారి మాది.
పోయినేడు పదకొండు బండ్లు. ఉగాది నెలలో ఆరు.
ఈరోజు ఎతిరాజులు అంబాసిడరూ, నేనూ.
అయినా నడాన నాలుగు బండ్ల సందు వదిలే నిలిపినాము,
ఒకరి తలుపు ఒకరికి తగలకుండా.
వాచ్‌మన్ వచ్చి అడిగినాడు:
"బ్రేక్‌డౌనా సార్?"

మస్తాన్ సాయబు తన ప్లిమత్‌ను
సినిమావాళ్ళకు అమ్మినాడు.
పేల్చేస్తామని చెప్పలేదంట.
అందరం కలిసే పోయినాము మొదటాటకు.
మంట లేచినప్పుడు హాలంతా ఈలలు,
మా వరస ఒక్కటే చప్పుడు లేదు.
ఇంటర్వెల్లో సాయబే
అందరికీ సమోసాలు కొనిచ్చినాడు.

ఢిల్లీబాబు బండికి ఫిట్‌నెస్ రాలేదు,
ఆయనకూ రాలేదు,
గుండెకు రెండు స్టెంట్లు.
గ్రీమ్స్‌పేట డాక్టరమ్మ
క్లచ్ కేబుల్ కోసం వేలూరు దాకా తిరిగి తిరిగి
ఇప్పుడు పద్మినికి కవరు కప్పేసి
కవరు మీద వడియాలు ఎండబెడుతుంది.

కుర్రోళ్ళు వస్తారు అప్పుడప్పుడు,
ఆనుకుని ఫొటో దిగతారు.
బానెట్ ఎత్తి కార్బురేటర్ చూపిస్తే
ఫోను చూసుకుంటారు.
వాళ్ళను అనేదేముంది,
మా నాయన చెరుకు గానుగ సంగతి చెప్పేటప్పుడు
నేనూ ఆకాశం చూసినోణ్ణే.

టీ అమ్మే కమలాక్షి
పెద్ద ఫ్లాస్కే తెచ్చింది, లెక్క మార్చుకోలేదు.
"వెనక్కి మోసుకుపోలేను, తాగండన్నా."
తలా మూడు కప్పులు తాగినాము.

మొగిలి ఘాట్లో ఒకసారి, ఆ మంచులో,
పద్నాలుగు బండ్లు లైట్లేసుకుని
వరసగా దిగినాము గదా, అన్నాడు ఎతిరాజులు.
పదమూడే, అన్నాను.
పద్నాలుగు.
పదమూడబ్బా, ఢిల్లీబాబు ఆరోజు పలమనేరులోనే నిలిచిపోయె.
చాలాసేపు గొడవపడినాము.
బాగుండింది.

ఎండ పైకొచ్చినాక
సిమెంటు మీద మచ్చలు తేలినాయి,
ఎవరి బండి నిలిచేచోట వాళ్ళ నూనె.
అంచులు చెదిరి, జిల్లేడాకంత వెడల్పున
ఇది సాయబుది.
ఇది డాక్టరమ్మది, చిన్నది, బొట్టుబిళ్ళంత.
గోడవార ఒకటుంది,
అది ఎవరిదో ఇద్దరికీ గుర్తు రాలేదు.

నా ఇంజను కింద
ఇరవై ఏళ్ళుగా అట్టముక్క పరుస్తాను,
చోటు పాడుచెయ్యగూడదని.
ఈరోజు వంగి, మోకాలు పట్టుకుని,
దాన్ని లాగేసినాను.

ఎతిరాజులు హారన్ కొట్టినాడు, పోదామా అని.
ఉండబ్బా,
ఇంకో రెండు చుక్కలు పడనీ.