పైపు పక్క బెజ్జం

గిరింపేట మలుపులో కొత్త పైపులైనుకి తవ్వతా తవ్వతా
ఏడడుగుల లోతున జేసీబీ ఆపేసినాడు ఏకాంబరం.
"అన్నా, రాయి కాదు. కుండ తగిలినట్టుండాది."

నేను వాల్వులు తిప్పేవాణ్ణి.
ఇరవై రెండేండ్లుగా ఇనప కడ్డీ భుజాన ఏసుకుని
ఏ ఈదికి ఎంతసేపని తిరిగేవాణ్ణి.

దిగి చూస్తిని. మట్టి గొట్టాలు.
చొక్కాలో చెయ్యి దూర్చినట్టు
ఒకదాంట్లో ఒకటి.
అతుకు అతుక్కీ సున్నం.
సున్నంలో వేలిముద్రలు.
అదిమినోడి చిటికెన వేలు వంకర.

మర్నాడు ఆఫీసు జీపులో వహీదా మేడం వచ్చింది.
బ్రష్షుతో మన్ను ఊడ్చి ఊడ్చి
"ఏ కాలందో ఇప్పుడే చెప్పలేం" అనింది.
నాకు కాలంతో ఏం పని,
నేను వాలు చూస్తాండా.
పది బారలకి బొటనవేలు మందం,
ఎంత సన్నంగా దించినాడు మహానుభావుడు!
మిషను పెట్టి మా ఇంజనీరు దించిన లైను
ఎండాకాలం మిట్ట ఎక్కదు.

కొంచెం ముందరికి పోతే రెండుగా చీలుండాది.
పడమటికి నా తొడంత లావు.
దక్షిణానికి మణికట్టంత.
లావుది ఎవురింటికి పొయ్యిండునో అని మేడం ఆలోచన.
సన్నంది యాడికి పోతాదో నాకు తెలుసు.
ఇప్పటికీ ఆ పక్క నాలుగు దినాలకొకసారి,
రాత్రి రెండు గంటలకి, ముప్పావుగంట.
బిందెలు వరసలో కూర్చోనుంటాయి,
మనుషులు వాటికి ఆనుకోని కునుకుతా ఉంటారు.

లావు గొట్టానికి అడుగున, కనపడని పక్క,
ఒక బెజ్జం.
మేడం లెన్సు పెట్టి చూసి "డ్యామేజీ" అని రాసుకునింది.

డ్యామేజీ యాడిది!
ఉలి పట్టడం రాని చెయ్యి
దీపం లేకుండా తొలిచింది అది.
పగలు కనపడకుండా చిల్లపెంకు పెట్టి
బంకమన్ను మెత్తినారు.
దేశమ్మయితే సైకిలు ట్యూబు చుట్టతాది.
పోయినేడు ఆ ట్యూబు నా చేతికి తగిలింది.
రిపోర్టు రాయాల.
పెన్నులో ఇంకు లేదు ఆ పొద్దు.

అంటే అప్పుడు కూడా ఒకడు,
చిటికెన వేలు వంకరోడే అయ్యుంటాడు,
లైను ఎంబడి నడిచి నడిచి
కాలికి తడి తగిలి
కాసేపు నిలబడి
ఇంత మన్ను తోసేసి పొయినాడా?

మేడంకి చెప్దామనుకుంటిని.
బ్యాగు సర్దుకుంటా ఉండాది.
నీలం పట్ట కప్పి మూలమూలకీ ఇటిక పెట్టినారు.

ఆ రాత్రి మూడుకి పావు తక్కువ.
దక్షిణం వాల్వు మూసే టైము.
కడ్డీ గోడకానించి బీడీ తీస్తిని.
అగ్గిపుల్ల అంటుకోలేదు.
ఇంకోటి గీస్తిని.
ఇంకోటి.