ఉప్పు లెక్క

రేడియో వాళ్ళు పదిహేను ప్రశ్నలు రాసిచ్చారు.
మొదటిది: ఈ వృత్తినే ఎందుకు ఎంచుకున్నారు?
బగాది ఇందుమతి గారు జవాబు చెప్పలేదు.
"కాస్త ఈ తాడు పట్టుకోండి" అన్నారు.

కళింగపట్నం. వంశధార కలిసే చోటు.
పడవలో ముగ్గురం,
ఆవిడా, నేనూ, తెడ్డు దగ్గర సూరాడ దానేసు.
తాడు చివర ఒక గొట్టం,
గొట్టంలో గుప్పెడు చీకటి.
ఎనిమిది మీటర్ల లోతు నుంచి పైకి లాగితే
నా అరచేతిలో ఎర్రటి గీత.

రెండోది: ఇంట్లో ప్రోత్సాహం ఉండేదా?
"మా నాన్నకి టెక్కలిలో ఎరువుల కొట్టు.
కూతురు వాతావరణం చదువుతోందంటే
టీవీలో వానలు చెప్తాననుకున్నాడు.
ఆరేళ్ళు, రాత్రి ఏడు గంటల వార్తల్లో
నా మొహం కోసం చూశాడు.
నేనూ కాదని చెప్పలేదు."
నవ్వి, సీసా మీద తేదీ వేశారు.
తడి వేళ్ళకి సిరా అంటుకుంది.

జీతం సంగతి అడగొద్దని కాగితంలో ఉంది.
దానేసు అడిగేశాడు.
"ఏటేటా మార్చిలో తెగిపోతాది దానేసూ,
మళ్ళీ ఏప్రిల్లో ముడేస్తారు"
అన్నారావిడ, అతని యాసలోనే.
"అయితే మా వలే" అన్నాడు.
ఆ మాటకి రెండర్థాలు.
రికార్డరులో ఏదీ చెరపలేదు నేను.

పోయినేడు ఆవిడ సముద్రంలో వదిలిన బోయా ఒకటి
మూణ్ణెల్లు కబురు పంపి ఊరుకుంది.
వెతుక్కుంటూ వస్తే
బందరువానిపేటలో, దానేసు వదినె పెరట్లో.
దాని నడుముకి తాడు, తాడుకి వల,
వల కింద ఆరుతున్న నెత్తళ్ళు.
"పోలీసుల్ని తెస్తాననుకున్నారు పాపం.
నేను కాకుల్ని తోలుతూ కూర్చున్నాను.
ఆ సాయంత్రం వాళ్ళు చెప్పినవి
నా యంత్రం చెప్పలేదు.
కవళ్ళు ఏ ఏడు ఆలస్యంగా వచ్చాయో,
ఏ ఏడు ఎవరి వాకిలి కెరటాల్లోకి పోయిందో.
తేదీలు లేవు. పెళ్ళిళ్ళూ కాన్పులే.
'మా రెండోడు పుట్టినేడు' అంటే
రేషను కార్డు చూసి సంవత్సరం వేసుకున్నాను."

తొమ్మిదోది: ఎప్పుడైనా భయం వేసిందా?
ఈసారి తాడు ఇవ్వలేదు.
"తుపానుకి కాదు.
ఒక మధ్యాహ్నం, ఫ్యాను కింద,
పదకొండేళ్ళ నీటి వేడిని ఒక్క గీతగా గీశాను.
తప్పు గీశాననుకుని మళ్ళీ గీశాను.
తప్పు లేదు.
కిందికి దిగాను. ఎవరికి చెప్పాలో తెలీలేదు.
టీ కొట్టతనికి చెప్పాను.
పంచదార సరిపోయిందా అన్నాడు."

దానేసు తెడ్డు ఆపాడు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
"ఏట్లో నీరు తక్కువమ్మా. ఉప్పు ముందుకొచ్చేసినాది."
ఆవిడ ఒక చుక్క అద్దం మీద వేసి,
వెలుగుకేసి ఎత్తి, కన్ను పెట్టారు.
అంకె రాసుకున్నారు.
దాని పక్కనే, చిన్న అక్షరాలతో,
నేను చూశాను:
దానేసు నాలుక, సరే.

ఇంకా ఆరు ప్రశ్నలున్నాయి.
ఆఖరుది, యువతకు మీరిచ్చే సందేశం.
ఒడ్డున సీసాల పెట్టె దించుతూ
ఆవిడే నన్ను అడిగారు,
"చెయ్యి మండుతోందా?"
మండుతోందన్నాను.
"ఉప్పునీళ్ళు కదా. రేపటికి తగ్గిపోతుంది.
ఎల్లుండి మళ్ళీ వెళ్తాం.
ఖాళీయేనా మీకు?"