ఎడమచేతి వాటం

రాకాసిగుళ్ల మిట్టమీద
పడిపోయిన కప్పుబండను మళ్లా లేపాలంటే
నన్ను పిలిచినారు.
కళ్యాణదుర్గం దాటినాక తారు అయిపోయి
మన్నుబాట, ఆమీద బాట కూడా ల్యాదు.
కొలతల సారుకు మీసం ఇంకా సరిగా రాలేదు.
ఆయన చేతిలో కుంచె, నా చేతిలో గడారి.
నలుగురం ఒడ్డెలం, దినానికి ఎనిమిదొందలు,
సంగటిముద్ద ఎవరిది వాళ్లదే.

మా జేజి చెప్పేది:
మూరెడు మనుషులంట, ముందటి యుగమంట,
నిప్పులవాన వస్తాదని ఎవరో చెబితే
నాలుగు బండలు నిలబెట్టి, మీద ఒకటి కప్పి
పిల్లాజెల్లాతో లోపల దూరినారంట.
వాన వచ్చినాదంట.
బండలు పెనాలైనాయి, లోపల వాళ్లు రొట్టెలైనారు.
అంతవరకు చెప్పి వక్కాకు వేసుకొనేది జేజి.

సారు నవ్వినాడు.
"ఇండ్లు కావు పెద్దాయనా, సమాధులు.
మూడువేల ఏండ్లవి" అన్నాడు,
మొన్న సంతనాటివి అన్నంత సులువుగా.

దుంగలు దూర్చి, జానెడు జానెడు
పొద్దు నెత్తికెక్కేలోగా కప్పు నిలబెట్టినాం.
ఎంకటప్ప కాలిగోరు పోయింది. ఇంకేం పోలేదు.
అప్పుడు చూసినా తూర్పుబండను సరిగ్గా.
దాని నడుమ గుండ్రంగా బెజ్జం,
పసిబిడ్డ తలకాయ పట్టేటంత.
ప్రాణం వచ్చిపోయే దారి అంటారు కొందరు,
కూడు పెట్టను అంటారు కొందరు,
ఎవరికీ తెలీదు అన్నాడు సారు.

నేను అంచు చూస్తాండా.
"సారూ, దీన్ని కొట్టినోడిది ఎడమచేతి వాటం."
"ఎట్ల చెప్తావు?"
దెబ్బ వాలిన దిక్కు చూడు సారూ.
కుడిచేతోని పొడుపు ఇట్ల జారతాది,
ఇది అట్ల జారినాది.
మా నాయన దెబ్బా ఇదే వాలు. నాదీ ఇదే.
బడిలో అయ్యవారు బెత్తంతో వాయించిన చెయ్యి ఇది.
సారు పుస్తకం తెరిచినాడు. కలం టోపీ తీసినాడు.
ఎందుకో రాయలేదు.

మన్ను తియ్యను భుజం దాకా చెయ్యి దూర్చినా.
కింది అంచు నున్నగా తగిలింది,
మా రోటి నోటి మాదిరి.
ఉలి చేసే నునుపు నాకు తెలుసు. అది కాదు ఇది.
చేతులు చేసింది.
చానామంది, చానా దినాలు,
పెట్టి తీసి, పెట్టి తీసి.

మా ఉలిగమ్మకు పదకొండేండ్లు. కట్లపాము.
క్వారీ ఎనక తంగేడుచెట్ల కాడ పెట్టినాం.
నక్కలు తవ్వకుండా బండలు నేనే కప్పినా,
సందు ల్యాకుండా, గాలి దూరకుండా.
"ఎంత బాగా కూర్చినాడబ్బా" అన్నారు మావోళ్లు,
ఆ ఏడుపులో కూడా.
నాకూ అప్పుడు
పని బాగా కుదిరిందనే అనిపించింది.

ఆదివారం పెరట్లో ఒక బండ వాల్చుకొని కూర్చున్నా.
సుంకమ్మ ఏంటికని అడగలేదు,
నీళ్లచెంబు పక్కన పెట్టి పోయింది.
సోమవారం పనికి పోలేదు. మంగళవారమూ పోలేదు.
మాపటేళ, ఇంకో అంగుళం ఉందనంగా
ట్టక్ అనింది.
గీత అంచు దాకా పారింది.
నలభై ఏండ్ల చెయ్యి ఇది. అయినా పారింది.

తెల్లారి మళ్లా మిట్టకు పోయినా.
సారు సున్నంతో గుర్తు పెట్టిన చోట్లన్నీ వదిలేసి
బండ పుట్టిన పరుపు దిక్కు నడిచినా.
చెడిపోయినదాన్ని ఎవడూ సమాధి దాకా మొయ్యడు.
బలుసుపొద కింద, సగం మన్నులో ఉండాది అది,
సగం బెజ్జంతో, కొరికి వదిలిన రొట్టె మాదిరి.
అదే వాలు.

దాని పక్కన కూర్చొని బీడీ ముట్టించినా.
నాకు నవ్వొచ్చింది, మా అన్న పక్కన కూర్చుంటే
వచ్చే నవ్వు.
వాడిదెవరో లోపల. అడిగితే చెప్పేవాడు కాదు,
నేనూ చెప్పను కదా.

పొద్దు ఇంకా బారెడు ఉండాది.
వీనికి ఎన్నో బండకు కుదిరిందో,
ఇదొక్కటేనా, ఇంకా ఉండాయా అని
లేచి
ఇంకో పొద కదిలించినా.