అక్షరానికి రెండు డాలర్లు

ఇండియానాలో, వాబాష్ ఏటి పక్కన,
మొక్కజొన్న చేలు ఆగి గడ్డి మొదలయ్యే చోట
మా గోల్ఫ్ కోర్సు.
గేటు మీద "లింక్స్" అని ఉంటుంది.
లింక్స్ అంటే సముద్రపొడ్డు ఇసక నేల.
ఇక్కణ్ణించి రోజంతా కారులో పోయినా
సముద్రం కనపడదు.
గాలివానకి చెట్లు పడిపోయాక
మళ్ళీ నాటడానికి డబ్బుల్లేక పెట్టిన పేరది.

నేను టికెట్ల కిటికీలో కూర్చుంటాను.
కొత్తవాళ్ళు అడుగుతారు:
"చాంపియన్‌షిప్ కోర్సంటే?"
ఇంకో ఆరు బంతులు కొనుక్కోండి, అంటాను.
"ఎగ్జిక్యూటివ్?"
తొమ్మిది గుంతలది, పొట్టిది.
ఇంతవరకూ ఏ మేనేజరూ రాలేదు.
నైట్ డ్యూటీ దిగి నర్సు వెర్నెల్ వస్తుంది,
ఆస్పత్రి బూట్లతోనే.
"సెమీ ప్రైవేట్?"
ఒక తలుపు రెక్క తీసే ఉంటుంది.
మూసిన రెక్క వెనక, నీడలో పార్కింగు.

నేతి బీరకాయలు, అని నవ్వుకునేదాన్ని
ఆర్విల్ హాస్కిన్స్ చెప్పేదాకా.
ఈ బోర్డులన్నీ రాసింది ఆయనే,
ముప్ఫై ఏళ్ళ కింద, అక్షరానికి రెండు డాలర్లు.
"చాంపియన్‌షిప్ అని రాయమన్నారు. పన్నెండక్షరాలు.
నాకేం అభ్యంతరం?
ఆ వారమే మా పిల్లకి కళ్ళద్దాలు కొన్నాను."

అప్పట్లో నీలం గుర్తుల దగ్గర్నించి కొట్టేవాడట.
బైపాస్ అయ్యాక తెల్లవి.
మోకాలు పోయాక బంగారు రంగువి,
ముసలితనానికి మర్యాదగా పూసిన రంగు.
అన్నిటికన్నా ముందు, గుంతకి దగ్గరగా, ఎర్రవి.
వాటి పలక మీద "లేడీస్" అని ఉండేది.
కమిటీ వాళ్ళు మార్చమంటే
థిన్నర్ పెట్టి చెరిపి "ఫార్వర్డ్" అని రాశాడు.
ఒక అక్షరం ఎక్కువే, నాకు లాభం, అన్నాడు.

ఇవాళ మంచు బాగా పట్టింది.
ఆర్విల్ బంగారు గుర్తుల దగ్గర వంగాడు,
పుల్ల గుచ్చబోయి, గుచ్చకుండా లేచి
ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరిగాడు.
నేను రసీదు పుస్తకంలోకి తల దించేశాను.

తలెత్తేసరికి ఎర్రవాటి దగ్గరున్నాడు.
తడి తగిలితే ఆ పలక మీద
కొత్త రంగు కింది పాత మాట పైకి తేలుతుంది.
జేబురుమాలు తీసి దాన్ని తుడిచాడు,
పని సరిగ్గా చెయ్యలేదని మేస్త్రీ తిట్టినవాడిలా.
తర్వాత కొట్టాడు.

బంతి తిన్నగా పోయింది.
కంచె అవతల, పొట్టి కోర్సులోంచి
వెర్నెల్ ఒక్కతే చప్పట్లు కొట్టింది.