ముద్ద

కాక్స్ టౌన్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ డెంజిల్
గాజుపెట్టె ఇచ్చాడు, వేడిచాప, పొడుగు పట్టకారు,
సర్కారు ముద్ర ఉన్న ఒక కాగితం,
ఆఖర్న దాన్ని.
రెండు అరచేతుల్లో సరిపోయింది.
తల ఎక్కడుందో కనపడలేదు,
తోక ఎక్కడని నేనడగలేదు.
మదనపల్లెలో మా అవ్వ చెయ్యి తడిచేసుకుని
పళ్ళెంలో తిప్పి తిప్పి పెట్టే రాగిసంగటి గుర్తొచ్చి
ముద్ద అన్నాను.
పేరు అట్లా పడిపోయింది.

రాయల్ పైథాన్ అంట. రాజుగారు.
భయమేస్తే తల కడుపులో దాచుకునే రాజు.
"వారం రోజులు ముట్టుకోకు" అన్నాడు డెంజిల్.
"చేతులు కడుక్కో. ఎలుక వాసనుంటే
నీ వేలే దానికి ఎలుక."
నాలుగో రోజే ముట్టుకున్నాను.

పొద్దున ఆరింటి నుంచీ జయనగర్ ల్యాబులో
రక్తం తీయడం నా పని.
పిడికిలి బిగించండి, అంటాను.
చూపుడువేలితో నరం వెతుకుతాను.
ఇప్పుడు వదలండి, అంటాను.
వదిలేస్తారు.
రోజుకు అరవై పిడికిళ్ళు.
చెప్తే విననిది ఇదొక్కటే.

ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూచున్నాను.
కింద పానీపూరీ బండి వచ్చి పోయింది.
పక్కింటి కుక్కరు ఏడుసార్లు కూసి ఊరుకుంది.
కాలు తిమ్మిరెక్కాక
మడతల మధ్యనుంచి ఒక ముక్కు.
నాలుక.
స్పిరిటూ, రబ్బరు గ్లవుజులూ,
పొద్దుటి నుంచీ నాకంటిన ఎవరెవరి భయాలో
అన్నీ గాలిలోనే చదివేసి
మళ్ళీ లోపలికి.

ఎలుకలు డీప్ ఫ్రీజర్‌లో ఉంటాయి,
పచ్చి బఠాణీల వెనక, పేరు రాయని డబ్బాలో.
రూమ్మేటు వైజయంతి శాకాహారి.
ఐస్‌క్రీమ్ ఇప్పుడు బయటే తినొస్తుంది.
రాత్రి ఒకటి తీసి కవరుతో సహా
వేడినీళ్ళ గిన్నెలో వేస్తాను.
బతికున్నంత వెచ్చగా ఉండాలి, అంతే, ఉడకకూడదు.
చంటిపిల్ల పాలు చూసినట్టు
మణికట్టుకు ఆనించి చూసుకుంటాను.
నవ్వాలో సిగ్గుపడాలో తెలీదు.

తినలేదు.
పై వారమూ తినలేదు. తల తిప్పుకుంది.
వంటింటి కాటాలో తూచాను: ఏడువందల పన్నెండు గ్రాములు.
మర్నాడు మళ్ళీ తూచాను.
డిసెంబరు చలి, మధ్యలో కరెంటు కోతలు,
వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పెట్టె కింద దూర్చాను.
ఫోన్ చేస్తే డెంజిల్ నవ్వాడు:
"దానికి ఆకలి లేదు. నీకుంది."
అవ్వ మాత్రం, "పాలు పోసి చూడు పాపా."
పాములు పాలు తాగవవ్వా.
"మరి ఇన్నేళ్ళూ పుట్టలో పోసినవి ఎవరు తాగినట్టు?"
చీమలేమో, అన్నాను.
"చీమలకైనా కడుపే కదా" అని పెట్టేసింది.

ఐదో వారం.
లైటార్పి, పట్టకారు చివర తోక పట్టి
దాని గుహ ముందు మెల్లగా ఆడించాను.
కరవడం నేను చూడలేదు.
చెయ్యి తేలికైంది, అంతే తెలుసు.
మూడు చుట్లు.
భయపడ్డప్పుడు చుట్టుకునే ఒళ్ళే,
ఆ ముద్దే,
కానీ ఇది నేనెప్పుడూ పట్టుకోని పిడికిలి.
చచ్చినదాన్ని మళ్ళీ ఓపిగ్గా చంపి
తలెక్కడో ముక్కుతో తడుముకుని
మింగింది.
ఆవులించి దవడ సర్దుకుంది.
సగం దాకా ఊపిరి బిగబట్టి ఉన్నానని
వైజయంతి తలుపు సందులోంచి చెప్పింది.
తానెప్పుడొచ్చిందో మరి.

రెండు రోజులు ఎత్తకూడదు.
ఈసారి ఎత్తలేదు.

పొద్దున ల్యాబులో ఖాకీ చొక్కా, ఆరడుగుల మనిషి,
నేను చెప్పకముందే పిడికిలి బిగించేశాడు,
కణుపులు తెల్లబడేలా.
వదలండి అనబోయి
ఊరికే నా అరచెయ్యి దాని కింద పెట్టి ఉంచాను.
వెనక ఇరవై రెండో టోకెను గొడవ చేస్తోంది.
"ఒందు నిమిష" అన్నాను,
అటు తిరక్కుండానే.