మిగిలిన బస్తాలు

ఏనుమాముల యార్డుల పొద్దుగాల
జెండా పాట మొదలైతది.
ఒక్క కుప్ప ముందు ఖరీదుదార్లు ఆగి
ఒక్క తేజ మిరపకాయను తొడిమ కాడ విరిచి
చప్పుడు విని ధర పాడుతరు.
తెల్లారి పేపర్ల అదే అచ్చు.
మిగిలిన బస్తాలకు
ఆ ధర చుట్టపు చూపుకు కూడా రాదు.

మా నాయిన ఓదెలు అక్కడ దడ్వాయి.
ఇరవై ఆరేండ్లు కాంటా ముల్లు చూసి చూసి
మనుషుల్ని కూడా జరంత తల వంచి చూస్తడు,
ముల్లు ఆగేదాకా నోరు తెరవడు.

నాకు తొంభై ఒకటి పాయింట్ నాలుగు వచ్చిన రాత్రి
"వందకా?" అన్నడు.
వందకు కాదు నాయినా, వందమందిల.
తొంభై ఒక్కమంది నా కింద ఉన్నట్టు.
"మరి పైన?"
పైన ఎనిమిదిమందే.
దేశం మొత్తం లెక్కేస్తే ఆ ఎనిమిదిమంది
ఇరవై వేలు దాటుతరు.
ఆయన బీడీ ముట్టిచ్చిండు.
ముల్లు ఇంకా ఊగుతనే ఉంది.

నక్కలగుట్ట హోటల్ల అడ్మిషన్ల మేళా.
నున్నటి కాగితం మీద నీలం కోటు పిలగాడు,
వాని నెత్తి మీద అరవై ఒక్క లక్షలు.
టై కట్టుకున్నాయన చాయ్ ఇచ్చి
"ఈ నెలాఖరు లోపల కడితే రాయితీ" అంటుండు.
నాయిన ఆ బొమ్మ మీద వేలు పెట్టిండు.
"ఇది జెండా పాట సార్. మంచిదే.
నడిమి బస్తా ఎంతకు పోయింది?"

యావరేజ్ చెప్తనన్నడు టై ఆయన.
"సగటు వద్దు సార్.
ఒక్క కుప్ప ఇరవై వేలకు పోయి
తొమ్మిది కుప్పలు పది వేలకు పోతే
సగటు పదకొండు వేలైతది.
పదకొండుకు అమ్మినోడు
యార్డంతా దేవులాడినా దొరకడు."

ఏసీ చప్పుడు వినబడ్డది.
నిజం చెప్పాలె, నాకు సిగ్గైంది.
పక్క టేబుల్ కాడ నా కోచింగ్ దోస్తు హర్షిణి,
ఇస్త్రీ చొక్కాల వాళ్ల నాయిన.
మా నాయిన మోచేతిని గిచ్చిన.
దుమ్ము, మిరప ఘాటు
నా గోర్లకు అంటింది.

ఆ రాత్రే అదే ప్రశ్న
మూడు కాలేజీలకు రాసిన.
ఒకటి పలకలే.
ఒకటి ఆ నీలం కోటు పిలగాన్నే మళ్ల పంపింది.
మూడోదాంట్లకెల్లి ఒకామె ఫోన్ చేసింది:
"నూట ఇరవై మందిలో అరవయ్యో అమ్మాయికి
ఎనిమిదిన్నర లక్షలు వచ్చినయ్.
ఏడుగురికి ఇంకా ఏమీ రాలేదు."
స్పీకర్ల విన్నడు నాయిన.
ఆ ఏడుగురి మాట కాడ తల ఎత్తి
"గిది కాంటా" అన్నడు.

ఇంటర్వ్యూల ముగ్గురు.
ధర ఎట్ల నిర్ణయమైతదని అడిగిండ్రు.
గిరాకీ, సరఫరా, బట్టీ కొట్టిన వాక్యాలు
గొంతుదాకా వచ్చినయ్.
నోట్లకెల్లి మాత్రం తరుగు వచ్చింది:
తేమ పేరు మీద బస్తాకు కిలో,
సంచి పేరు మీద ఇంకో కిలో,
రాత్రికి మొగులైతే సగం ధరకే ఒప్పుకునే రైతు.
ఒకాయన పెన్ను కింద పెట్టిండు.
విన్నడో, విసిగిండో,
ఇప్పటికీ తెల్వదు.

వెయిటింగ్ లిస్టుల ఇరవై మూడు.
ఎండాకాలం అంతా ఆ అంకె
నత్తలెక్క పాకి, మే ఆఖరున సీటైంది.
తాలు కాయలు ఏరే మా అమ్మ
ఉత్తరాన్ని కొంగుతోటి పట్టుకున్నది,
చేతి మంట అక్షరాలకు అంటుతదేమో అన్నట్టు.
చదువు రాదు, అయినా
రెండు దిక్కులా తిప్పి చూసింది.

కాజీపేట మూడో ప్లాట్‌ఫాం మీద
నా సూట్‌కేసును ఒంటిచేత్తోటి లేపి, ఆపి
"పంతొమ్మిదిన్నర" అన్నడు నాయిన.
ఇంకేం అనలే.

బండి కదిలినంక యాదికొచ్చింది,
తరుగు తియ్యలే.